మేము పెట్టిన పేరు

గత వేసవిలో ఒక పనిమీద కుప్పము పోయితిమి. ఊరి వెలుపల, దారి ప్రక్కన, ఒక పంక్చరు దుకాణము కనబడెను. దాని నెత్తిన రేకుమీద ఎఱ్ఱరంగుతో 'కుంభం టైర్ వర్క్స్' అని వ్రాసియున్నది. చూచి నవ్వుకొంటిమి. బోర్డు వ్రాసినవానికి తన యూరి పేరైన కుప్పమను రెండక్షరములును సరిగా రాలేదే యని జాలిపడితిమి. భాష చెప్పుకొని బ్రతుకువారికి ఇట్టి జాలి అలవాటు. ఆ బోర్డులో తప్పు లేదని, ఆ మాట అచ్చముగా మేము చెప్పిన పాఠమునుండియే పుట్టినదని, మఱి నాలుగు నిమిషములకు గాని మాకు తెలియలేదు.

కథ కుప్పమున మొదలు కాలేదు. మదనపల్లెలో, సుమారు 15 ఏండ్ల క్రిందట, మేము తెలుగు చెప్పుచుండిన ఒక పాఠశాలలో మొదలైనది. ఈ వ్యాసమంతటను 'మేము' అనుచున్నాము. అది వ్రాతలో మర్యాద. కాని తప్పు చేసినప్పుడు ఆ తరగతిలో బల్ల యెదుట నిలిచియుండినది ఒక్కరే యని చదువరులు గ్రహింతురు గాక.

మా కుటుంబము మా తాతగారి కాలమునుండి క్రైస్తవ కుటుంబము. తాతగారు పడుచుదనమున క్షయరోగము తగిలి ఆరోగ్యవరమున చాలనెలలు ఉండి బాగుపడినవారు. మదనపల్లెకు దగ్గరనున్న ఆ కొండనేలమీద పలు మిషనులు కలిసి కట్టిన శానిటోరియము 1915 నాటిది. డెన్మార్కు దేశస్థుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమాట్ మోలరు దానిని పెంచి పెద్దచేసెను. తాతగారి ఛాయాపటమును వెలుతురునకు ఎత్తి చూచి, ఊపిరితిత్తులు శుభ్రముగా నున్నవని చెప్పి వైద్యులు వారిని ఇంటికి పంపిరి. ఇంటికడ ఆ పటమును చూచువా రెవరు? తాతగారు స్వభావముచేతనే బక్కపలచని మనిషి. ఊరివారు ఆ యెముకలను చూచిరి. బ్రతికినంతకాలము వారికి టీ దుకాణమున వేఱు గ్లాసే దక్కెను. 1950 తరువాతి యేండ్లలో ఆరోగ్యవరపు వైద్యులు ఎక్సురే యంత్రముతో చుట్టుపట్ల పల్లెలకే పోయి జనులను పరీక్షించిరి. అట్టి పరీక్షలలో రోగము పెక్కుమార్లు దగ్గుగాని నలతగాని లేక పైకి నిక్షేపముగా కనబడువారియందే బయటపడునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. కండపట్టిన మనిషికి మంచిగ్లాసు, బక్కవానికి వేఱుగ్లాసు ఇచ్చిన మా యూరి టీ దుకాణపు శాస్త్రము మాత్రము మాఱలేదు.

మాకును ఆ రుచి కొంత తెలియును. మొదటి ఉద్యోగమునకు పోయిననాడు, సంస్కృతమున పట్టా చేతనుండగా, మా పేరు చదివిన ఒక పెద్దమనిషి కాగితములు విప్పకమునుపే "రామశబ్దము వచ్చునా?" అని యడిగెను. ఏడు విభక్తులును ఒప్పచెప్పితిమి. ఆ యవమానము ఈనాటికిని మఱచిపోలేదు. మఱచిపోకపోవుటచేత మేమైనను మంచివారమైతిమా యనగా, కాలేదు. ముల్లు గ్రుచ్చుకొన్నవాడు ఇతరుల కాళ్లకు ముళ్లు తగులకుండ చూచునని పెద్దలందురు. మా యనుభవము వేఱు.

ఆ బాలుడు తొమ్మిదవ తరగతి. పేరు ఇచట వ్రాయము. పుంగనూరు దారిలోని ఒక పల్లెవాడు. ఉదయము మొదటి గంట మాది. ఆ గంటలో వాడు నిద్రపోవును. కునికిపాట్లు కావు, బల్లమీద చెంప ఆనించి నోరు తెఱచి పోవు గాఢనిద్ర. చొక్కామీద మరకలు, వంటినుండి పులిసిన వాసన. మేము వానిని ఒకమారు చూచితిమి, రెండుమార్లు చూచితిమి, మూడవమారు తీర్పు చెప్పివేసితిమి: సోమరి, తిండిపోతు, ఇంట అడుగువారు లేరు.

ఒకనాడు యుద్ధకాండకథ చెప్పుచుంటిమి. కుంభకర్ణుని లేపుటకు రాక్షసులు భేరులు మ్రోగించిన ఘట్టము. కథ మంచి పాకమున పడినవేళ వాని గుఱక వినబడెను. "లంకదాక ఏల? రావణుని తమ్ముడు మన తరగతిలోనే యున్నాడు. భేరులు తెండు" అంటిమి. నలువదిమంది పిల్లలు బల్లలు వాయించిరి. వాడు ఉలికిపడి లేచి, నలుదెసలు చూచి, అందఱును నవ్వుచుండుటచేత తానును నవ్వెను. ఆ నవ్వును సిగ్గులేమి క్రింద జమకట్టుకొంటిమి. ఆ దినమునుండి వానికి అదియే పేరు. నెల తిరుగకమునుపే పిల్లల నోట అరిగి 'కుంభం' అయ్యెను. కుంభకర్ణుడు అన్నకు భయపడక నీవు చేసినది తప్పని నిండుసభలో మందలించినవాడని మాకు తెలియును. ఆ భాగము ఆనాడు చెప్పలేదు. నిద్ర చెప్పిన నవ్వు వచ్చును, మందలింపు చెప్పిన రాదు.

ఆ వేసవి మొదలున ఒక వేకువజామున బెంగుళూరినుండి వచ్చిన బస్సు దిగి టమోటా మార్కెటు మీదుగా ఇంటికి నడచుచుంటిమి. మదనపల్లె టమోటా మార్కెటును ఎఱుగని తెలుగువాడుండడు. దరలు పెరిగిననాడును, రైతులు పండిన పంటను రోడ్డుమీద పాఱబోసిననాడును దాని పేరు పత్రికలకెక్కును. లారీల దీపముల వెలుతురులో హమాలీలు పెట్టెలు దింపుచుండిరి. వారినడుమ తలమీద పెట్టె, పెట్టెనుండి కారిన రసము మెడమీదుగా చొక్కాపై పడుచుండగా, మా కుంభకర్ణుడు నడచుచుండెను. వాని తండ్రి బోర్లు వేయించి, నీళ్లు పడక, అప్పులలో భూమి పోగొట్టుకొని పట్టణము చేరినాడని, ఇంటి అద్దె ఈ పెట్టెలమీదనే వచ్చునని తరువాత విచారించి తెలిసికొంటిమి.

ఇంతవఱకు కథ ఇట్టి కథలన్నిటివంటిదే. ఇచట ఆగినయెడల మాకు ఎంతో సుఖముగా నుండెడిది. నిజమునకు చాలయేండ్లు ఇచటనే ఆపి చెప్పుచు వచ్చితిమి.

మఱునాడు బడి ప్రార్థనవేళ పిల్లలందఱి యెదుట వానిని పిలిచి భుజముమీద చేయి వేసి, "ఇతడు కుంభకర్ణుడు కాడు, కర్ణుడు. ఇంటి భారము మోయుచున్న వీరుడు" అని ప్రసంగించితిమి. మాటలు బాగుగా కుదిరినవని తోటి ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి. బల్లలు వాయించినప్పుడు నవ్విన బాలుడు ఇప్పుడు తల వంచుకొని కాలి బొటనవ్రేలితో నేల గీకుచుండెను. దాచుకొన్న పేదఱికమును నాలుగువందలమంది యెదుట విప్పి చూపితిమని అప్పుడు మాకు తోచలేదు. వినయమనుకొంటిమి. చూచితిరా, మరల వాని మొగము చూచియే అర్థము చెప్పుకొంటిమి.

వానిని గదిలోనికి పిలిచి జిడ్డు కృష్ణమూర్తి కథ చెప్పితిమి. ఆయన 1895లో మా మదనపల్లెలోనే పుట్టినవాడు. బాల్యమున పాఠము లెక్కకపోవుటచేత ఉపాధ్యాయునిచేత దెబ్బలు తినుచుండెను. అడయారునకు పోయిన తరువాత చదువులో సాయపడుచుండిన ఆంగ్లేయుడుకూడ ఆ బాలుని మందబుద్ధి యనియే యెంచెను. 1909లో సముద్రతీరమున లెడ్‌బీటరు ఆ యర్భకుని చూచి జగద్గురువగునని పలికెను. 1929లో ఆ జగద్గురు పీఠమును తానే కాదని, తనకై యేర్పడిన సంఘమును రద్దుచేసి, ఆ బాలుడు లోకమునంతను ఆశ్చర్యపఱచెను. (లెడ్‌బీటరు చూచినది ఆ బాలుని చుట్టు వెలుగు వలయమట. అదియు ఒక పైరూపమే గదా యని మాకు అప్పుడప్పుడు సందేహము కలుగును.) "నీవును అట్లే కావచ్చును, ఎవరు చూచినారు?" అంటిమి. బాలుడు "సరే సార్" అనెను.

పదవ తరగతి పరీక్షలో వాడు గణితమునను ఆంగ్లమునను తప్పెను. మరల కట్టలేదు. ఎటు పోయెనో మేము విచారింపలేదు. ఆదివారపుబడిలో, ఉపాధ్యాయ సభలలో, మేము ఈ కథ చెప్పుచునే యుంటిమి: నిద్రపోవు బాలుడు, వేకువజాము, తలమీద పెట్టె, మా పశ్చాత్తాపము. వినువారు కన్నులు తుడుచుకొందురు. పరీక్ష తప్పిన సంగతి ఏ సభయందును చెప్పలేదు. చెప్పిన దృష్టాంతము చెడిపోవును. వాడు మాకు సోమరిగా కొంతకాలము, వీరుడుగా కొంతకాలము ఉపయోగపడెను. ఏ పనికిని రాని యొక మామూలు పిల్లవాడని తెలిసిన దినమున మా జ్ఞాపకమునుండి జాఱిపోయెను.

ఇక కుప్పపు ప్రయాణము. ద్రావిడ విశ్వవిద్యాలయమున మాకు రెండుదినముల పని. 1997లో స్థాపితమైన ఆ విద్యాలయము తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే అంగడిలో వినబడు ఆ సరిహద్దు ఊరికి తగినదే. మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సు. పుంగనూరిలో ఒక యువకుడు మా ప్రక్కన కూర్చుండి తన ఫోనులో ఒక యావుదూడను చూపెను. మూడడుగుల యెత్తైన లేని పుంగనూరు జాతి యావును లక్షలు పోసి కొని బెంగుళూరిలో చలువరాతినేలమీద పెంచుచున్నాడట. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ యావులకు మేత వేయుచున్న పటములు దేశమంతట వ్యాపించిన తరువాత దీని గిరాకి మఱియు పెరిగినది. మా చిన్ననాట ఇది పేదవాని యావు. కొంచెము మేతతో సరిపెట్టుకొని చిక్కని పాలిచ్చునదే యైనను, సంకరజాతి పెద్దయావులు వచ్చిన తరువాత, పొట్టిదని పెక్కుమంది వదలుకొనిరి. పలమనేరు పరిశోధనక్షేత్రమువంటి చోట్ల కాపాడియుండనియెడల జాతి మిగులుటయే కష్టమయ్యెడిది. నాడు పొట్టిదని విడిచిరి, నేడు పొట్టిదని ముద్దాడుచున్నారు. యావు మాఱలేదు. ఆ యువకునితో ఈ మాట అనలేదు గాని, ఆ యావునుగూర్చి తలపోయుచు మా బాలుని కథవఱకు పోయితిమి.

సమూయేలు ప్రవక్త కథ మా ఆదివారపుబడి పిల్లలకు కంఠపాఠము. రాజును అభిషేకించుటకై ప్రవక్త బేత్లెహేమునకు పోయి, యెష్షయి పెద్దకొడుకైన ఏలీయాబు యెత్తును రూపమును చూచి ఇతడే యనుకొనెను. దేవుడు అతనిని వారించి, మనుష్యులు పైరూపమును చూతురు, తాను హృదయమును చూతునని తెలిపెను. చివరకు గొఱ్ఱెలకడనున్న దావీదును పిలిపించిరి. మేము ఇరువది యేండ్లుగా చెప్పుచున్నది ఇంతే. బస్సులో మాకు రెండు సంగతులు తట్టెను. దావీదు ప్రవేశింపగానే గ్రంథకర్త మొదట చెప్పినది వాని మేనిచాయయు కన్నుల చక్కదనమును. పైరూపము చూడరాదని చెప్పిన నోరు మూయకమునుపే! మనుష్యుని చూపు ఎంత మొండిదో అచటనే తెలియుచున్నది. రెండవది, ఏలీయాబు ఏమయ్యెనని మేము ఏనాడును అడుగలేదు. తరువాతి యధ్యాయమున యుద్ధభూమిలో తమ్మునిపై కోపపడి, ఆపై దాదాపు కనుమఱుగగును. ఎన్నికకాని అన్నయు దేవుడు చేసిన మనుష్యుడే గదా. కృష్ణమూర్తితోపాటు ఆ తరగతిలో దెబ్బలు తిని, ఏ సముద్రతీరమునను ఎవరికంటను పడక, గుమాస్తాలుగా ముగిసిన పిల్లల మాటయేమి? చింపిరి గుడ్డలలో మాణిక్యముండవచ్చునని హెచ్చరించు మా నీతికథలన్నియు మాణిక్యమునకే మ్రొక్కుచున్నవి. చింపిరి గుడ్డలలో మామూలు మనిషియున్నచో వానిని ఏమి చేయవలెనో అవి చెప్పవు.

యాకోబు పత్రిక చెప్పును. బంగారుటుంగరపువాడు వచ్చిన మంచి పీఠము చూపి, మాసిన బట్టలవానిని కాళ్లకడ కూర్చుండుమనుటను ఆయన ఖండించెను. ఆ బీదవాడు మాఱువేషమున వచ్చిన మహారాజని ఎచటను అనలేదు. వాడు నిజముగానే బీదవాడు. ఆ ఘట్టమున తెలుగు బైబిలు వాడిన మాట 'మోమాటము'. పందొమ్మిదవ శతాబ్దమున తెలుగు బైబిలు సవరణకై పాటుపడినవారిలో మదనపల్లె మిషనరీ వైద్యుడైన జేకబ్ చాంబర్లేను ఒకడు. గ్రీకు మూలమున ఆ మాటకు ముఖమును స్వీకరించుట యని అర్థమని ఆంగ్ల వ్యాఖ్యలయందు చదివితిమి. మోము తెలుగున ముఖమే. ఇప్పటివారికి మొగమాటమనగా బిడియము. నాటి తెలుగువారికి మొగము చూచి మనిషికి విలువ కట్టుటయు మొగమాటమే. ఒకే మాటలో రోగమును, రోగము బయటపడినప్పటి సిగ్గును కూడ ఇమిడియున్నవి.

ఈ పాండిత్యమంతయు మనస్సున మెదలుచుండగా కుప్పము చేరితిమి. మిత్రుడొకడు మోటారుసైకిలుమీద తీసికొనిపోవుచుండగా వెనుకచక్రము గాలి పోయెను. అట్లు ఆ దుకాణముకడ దిగితిమి, అట్లు ఆ బోర్డు చూచి నవ్వితిమి.

దుకాణదారు ముప్పది యేండ్లవాడు. కన్నులు ఎఱ్ఱగా నున్నవి. దగ్గరకు రాగా సారాయి వాసన. సాయంకాలము అయిదైన కాలేదు. చక్రము విప్పుచు మావంక చూచి, పాన చేతనే పట్టుకొని, "సార్, మదనపల్లె సారు గదా? బాగుండారా?" అనెను. మేము గుర్తింపలేదు. "నేను సార్, కుంభకర్ణుణ్ణి" అని ఫక్కున నవ్వెను. అదే నవ్వు. తల యెత్తి మరల ఆ బోర్డు చదివితిమి.

లోపలనుండి వాని తోడివాడొకడు "ఎవుర్రా కుంభం?" అని కేక వేసెను. "మా సారురా! నాకు ఈ పేరు పెట్టింది ఈయనే!" అని వాడు జవాబిచ్చెను. జగద్గురుపట్టము తెచ్చి మాకు కట్టినట్లుండెను ఆ గొంతులోని సంబరము.

ఉన్న ప్లాస్టికు కుర్చీ ఒక్కటే. తుండుగుడ్డతో దులిపి మాకు వేసి, తాను పాతటైరుమీద కూర్చుండి ట్యూబును నీళ్లతొట్టిలో ముంచెను. మా బుద్ధి పాతదారినే పోయెను. ఈ యెఱ్ఱకన్నుల వెనుక మరల ఏదో త్యాగముండవలెను. రాత్రియంతయు ఏ లారీలకడనో మేల్కొని యుండును, ఒంట ఏదో వ్యాధి యుండును, వాసన రబ్బరు అంటించు మందుదే కావచ్చును. ఈమారు మోసపోరాదని యెంచి, "రాత్రులు కూడ పనియా?" అని యడిగితిమి.

"లేదు సార్. ఏడింటికి కట్టేస్తా."

"ఒంట్లో బాగుండలేదా?"

వాడు తల యెత్తి మావంక చూచెను. మేము అడుగదలచినది వానికి తెలిసిపోయెను. "తాగుతా సార్. అదే. మా ఆడది తిడతానే ఉంటాది" అని, నీళ్లలో బుడగ లేచుచున్నచోట వ్రేలుంచి, ట్యూబు తీసి ఉప్పుకాగితముతో రుద్దసాగెను. వెనుక ఏ కథయు లేదు. మేము చూచినది నిజమే. పదునైదేండ్లలో మొదటిమారు వానినిగూర్చి మా కన్నులు సరిగా చెప్పినవి. ఐనను ఆ సరియైన తీర్పును ఏమి చేసికొనవలెనో తెలియక ఒడిలో పెట్టుకొని కూర్చుంటిమి.

తప్పు ఒప్పుకొనవలెనని తోచెను. ఎంత ప్రయత్నించినను నోట ఉపన్యాసపు భాషయే వచ్చెను. ఆనాడు తరగతిలో నిన్ను అట్లు పిలిచి యుండరాదనియు, ప్రార్థనవేళ పదిమందిలో నిలువబెట్టుట అంతకన్న పెద్ద తప్పనియు, క్షమింపవలెననియు చెప్పితిమి. మొదటిదానికి వాడు తల యడ్డముగా ఊపి, "మంచి పేరే గద సార్. మా నాయన పెట్టిన పేరోళ్లు ఈ రోడ్డులోనే నలుగురు ఉండారు. కుంభం అంటే నేనొకణ్ణే" అనెను. రెండవదానికి కొంతసేపు ఏమియు అనలేదు. ట్యూబుమీద ముక్క అంటించి బొటనవ్రేలితో గట్టిగా అదిమి పట్టుకొనెను. పిదప, "ఆ దినం మా యమ్మ మాత్రం శానా ఏడ్సింది సార్" అనెను.

మాకు మాట రాలేదు. వానికిని మఱి మాటాడవలెనని తోచినట్లు లేదు. చక్రము బిగించి, గాలి కొట్టి, వ్రేలితో నొక్కి చూచెను. మిత్రుడు సొమ్మెంతని యడుగగా చెప్పిన మొత్తమును తీసికొని జేబులో వేసికొనెను. సారుకాడ డబ్బేందని అనలేదు. అట్లు అనునేమోయని మనస్సులో ఒక మూల మేము కాచుకొని యుంటిమని ఒప్పుకొనుచున్నాము. టీకి పిల్లవానిని పంపెను. రెండు గ్లాసులు వచ్చెను. ఒకటి మాకిచ్చి, రెండవది మిత్రునికిచ్చి, తనకు లేదని చెప్పెను. మేము సగము త్రాగి, తాతగారు తలపునకు రాగా, మిగిలినది వానికి చాచితిమి. వాడు ఒక క్షణము చూచి, చేతులు ప్యాంటుకు తుడుచుకొని, ఆ గ్లాసునే అందుకొనెను.